భారజలపు వేగులవాడు



పులిచింతల వద్ద కృష్ణ నిండిన నాడు ఎన్ని గేట్లు ఎత్తవలెనో, ఏ మట్టమున నీరు నిలుపవలెనో చూచు ఉద్యోగి పని బెల్లంకొండ సీమవారికి క్రొత్త కాదు. దూరదేశమగు నార్వేలో అట్టి ఆనకట్ట పనిలోనున్న యువకుడొకడు రెండవ ప్రపంచయుద్ధకాలమున గొప్ప వేగులవాడయ్యెను. అతడే 1918లో జన్మించిన ఐనార్ స్కిన్నర్‌లాండ్.

ర్యుకాన్ పట్టణము చెంత వెమోర్క్ విద్యుత్కేంద్రము 1911 నుండి పనిచేయుచుండెను. మోస్వాట్న్ సరస్సు నీరే దానికి ప్రాణము. విద్యుత్తు చౌక గనుక నోర్స్క్ హైడ్రో కంపెనీవారు అచట నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజనుతో ఎరువులు చేయుచుండిరి. ఇందొక చిత్రము గలదు. హైడ్రోజను పరమాణువులలో సుమారు 6,500కు ఒకటి రెట్టింపు బరువుగలది. నీటిలోనికి విద్యుత్తు పంపినప్పుడు తేలికది ముందుగా వాయువై పోవును, బరువైనది వెనుకబడును. మిగిలిన నీటిని మరల మరల విడగొట్టగా, తుదకు పాత్ర అడుగున చిక్కునదే భారజలము. యురేనియము కొలిమిలో న్యూట్రానుల వేగము తగ్గించుటకు అది పనికివచ్చును. 1940లో నార్వేను ఆక్రమించిన జర్మనులు దానికై తొందరపడిరి.

1942 మార్చిలో స్కిన్నర్‌లాండ్ సెలవు పెట్టి, మరికొందరితో కూడి ఒక తీరనౌకను పట్టుకొని స్కాట్లండు చేరెను. కొద్ది దినముల శిక్షణ యిచ్చి, ఆ నెలలోనే పారాచూటుతో అతనిని స్వదేశమున దింపిరి. సెలవు ముగించుకొని యథాప్రకారము పనికి వచ్చెను గనుక ఎవరికిని అనుమానము కలుగలేదు. ఎంత గుండె నిబ్బరము! పగలు జీతపు కొలువు. చాటున కర్మాగారపు కావలి ఎట్టిదో, యంత్రములెచట నున్నవో కూపీ తీయుట. పిమ్మట జర్మనులు వెదకగా కొండలలో దాగి, వైర్‌లెస్ యంత్రముతో లండనుకు వార్తలు పంపుచుండెను. అతడు దొరకకుండగా సోదరుని చెఱపట్టిరి.

నవంబరులో గ్లైడర్లపై వచ్చిన బ్రిటిషు సైనికులలో ఒక్కరును బ్రతుకలేదు. 1943 ఫిబ్రవరి 27 రాత్రి తొమ్మండుగురు నార్వే వీరులు లోయ దాటి, తుపాకి ప్రేల్చకయే భారజలపు పాత్రలను ధ్వంసము చేసిరి.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. మిగిలిన భారజలమును జర్మనీకి తరలించుచుండగా, దానిని మోయు పడవను ముంచవలెనా యని లండనును అడిగిరి. ముంచుడని ఉత్తరువు వచ్చెను. 1944 ఫిబ్రవరి 20న టిన్షో సరస్సులో పడవ మునిగి పదునెనమండుగురు మరణించిరి. వారిలో పదునలుగురు నార్వేవారే. అణ్వస్త్రమునకు జర్మనులు చాల దూరముననే యుండిరని యుద్ధానంతరము తెలిసెను. నాడు ఆ సంగతి తెలియకపోవుట నిజమే. అయినను ఆ పదునలుగురి ఇండ్లలో ఈ సమాధానము చెల్లునా?

అదే భారజలము 1991 నుండి గోదావరి తీరమున మణుగూరులో విద్యుత్ రియాక్టర్ల కొఱకు తయారగుచు వచ్చినది. స్కిన్నర్‌లాండ్ మాత్రము యుద్ధము ముగిసిన పిమ్మట తన పాత విద్యకే మరలెను. పరదేశములకేగి ఆనకట్టలు, జలవిద్యుత్కేంద్రములు కట్టు పనులలో జీవితము గడపి, 2002లో కెనడాయందలి టొరంటోలో కన్నుమూసెను.