నీరే మందు

విరేచనములైనవానికి నీరిచ్చినచో రోగము ముదురునను భయము మన యిండ్లలో చిరకాలముగా నున్నది. కలరా విషయమున ఈ భయమే ప్రాణాంతకమని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.

కలుషితమైన నీటితోను, ఆహారముతోను కలరా క్రిమి కడుపులో చేరును. అది చిన్నప్రేవులలో నిలిచి యొక విషమును విడుచును. కలకత్తాలో శంభునాథ్ డే 1959లో ఆ విషమును ప్రయోగపూర్వకముగా నిరూపించెను. దాని ప్రభావముచే ఒడలిలోని నీరును, లవణములును ప్రేవులలోనికి స్రవించి వెలుపలికి పోవును. కొన్ని గంటలలోనే కన్నులు గుంటలు పడి, నాడి క్షీణించును. ప్రాణము తీయునది ఈ శోషయే.

అట్టి స్థితిలోను ప్రేవులు చక్కెరతోపాటు ఉప్పును, వాని వెంట నీటిని గ్రహింపగలవు. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులకు కలరా సోకెను. పశ్చిమ బెంగాలులోని బనగాఁవు శిబిరమున సెలైను చాలకపోగా, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు చక్కెరల నీటినే త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4కు లోబడెను.

ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో సమముగా కొలిచి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు హెచ్చరాదు. వాంతియైనను కొంతసేపాగి, గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగించుచునే రోగిని ఆసుపత్రికి చేర్చుదము.