రాతి మీద రాసినా, యంత్రంలో రాసినా

(జగ్గయ్యపేటలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు ఏర్పాటుచేసిన శిక్షణ తరగతిలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



పాల గురించి మీకు చెప్పగలవాణ్ణి కాను. వెన్నశాతం సంగతి మీకు తెలుసు, వాయిదాల సంగతి నాకు తెలుసు. అయితే ఈ మధ్య మీ పనిలోకీ నా పనిలోకీ ఇద్దరు కొత్త చుట్టాలు వచ్చారు. ఒకటి కృత్రిమ మేధ, అనగా మనిషిలా చదివి రాసే యంత్రం. రెండవది బ్లాక్‌చెయిన్ ఒప్పందం. ఇవి న్యాయవాదుల పనిని ఎట్లా మారుస్తున్నాయి, అందులో పాల సంఘానికి లాభమేమిటి, జాగ్రత్త ఏమిటి అన్నది ఈనాటి విషయం.

ముందుగా మన ఊరి సంగతే చెబుతాను. ఇక్కడి ధనంబోడు దిబ్బ మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. అక్కడ దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది. సిద్ధార్థుడనే శిల్పి అయిదు ఆయక స్తంభాలు దానం చేసినట్లు అందులో ఉంది. గమనించవలసిందేమంటే, అదే మాట మూడు స్తంభాల మీద చెక్కి ఉంది. ఒకటి విరిగినా మిగిలినవి సాక్ష్యం చెబుతాయి. ఒకదాని మీద ఎవరైనా అక్షరం మార్చినా, మిగిలిన రెంటితో పోల్చితే దొంగ దొరుకుతాడు.

బ్లాక్‌చెయిన్ అంటే దాదాపు ఇదే. ఒకే లెక్క పుస్తకం చాలామంది దగ్గర ఉంటుంది. అందులో ప్రతి పేజీకి ఒక గుర్తు అంకె ఏర్పడుతుంది. ముందు పేజీ గుర్తును తరువాతి పేజీలో వేస్తారు. పాత పేజీలో ఒక్క అంకె మార్చినా గుర్తు మారిపోతుంది, తరువాతి పేజీలన్నీ తేడా చూపిస్తాయి. అందుచేత రహస్యంగా దిద్దటం బహు కష్టం. 2017లో మన రాష్ట్ర ప్రభుత్వం స్వీడన్ దేశపు క్రోమావే సంస్థతో కలిసి, భూమి రికార్డులను ఈ పద్ధతిలో భద్రపరచే ప్రయోగం తలపెట్టింది కూడా.

మరి ఇందులో చిక్కెక్కడ ఉంది? అది మీకే బాగా తెలుస్తుంది. క్యాను మూత బిగించి సీలు వేశారనుకోండి. దారిలో ఎవరూ నీళ్లు కలపలేదని ఆ సీలు చెబుతుంది. మూత వేయకముందే నీళ్లు కలిసి ఉంటే, ఆ నీళ్లను కూడా సీలు భద్రంగానే కాపాడుతుంది. యంత్రపు పుస్తకం కూడా అంతే. రాసినది మారలేదని చెబుతుందే గాని, రాసినది నిజమని చెప్పదు.

ఇక ఒప్పందం సంగతి. ఈ పద్ధతిలో షరతులను కంప్యూటరు భాషలో రాసి పెడతారు. షరతు తీరగానే సొమ్ము దానంతట అదే బ్యాంకు ఖాతాలో పడుతుంది. గుమాస్తా లేడు, చెక్కు కోసం తిరగటం లేదు. బిల్లు ఆలస్యమయితే దాణా కొట్టులో అప్పు పెరిగే రైతుకు ఇది చిన్న మేలు కాదు.

కాని ఒక ఉదాహరణ తీసుకోండి. వెన్న కొలిచే యంత్రాన్ని సరిచూడక పదిరోజులయింది. గేదె పాలు 6.8 ఉండగా 6.1 చూపిస్తోంది. ఒప్పందం ఆ 6.1కే లెక్కకట్టి, పదిరోజుల సొమ్మూ ఎవరినీ అడగకుండా పంచేసింది. పూర్వం అయితే కార్యదర్శి రిజిస్టరులో ఎర్రసిరాతో దిద్ది సంతకం పెట్టేవాడు. ఇప్పుడు దిద్దటానికి వీలులేకపోవటమే దాని గొప్ప!

అందువల్ల రైతు నష్టపోవలసిందేనా? అక్కరలేదు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. కాగితం మీద రాసినా, కంప్యూటరులో రాసినా ఆ చట్టం వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ ఒప్పందం చెల్లుతుందని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షను చెబుతోంది. మోసం చేసి, ఒత్తిడి పెట్టి చేయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. పొరపాటున ఎవరికైనా సొమ్ము చెల్లితే తిరిగి ఇవ్వాలని 72వ సెక్షను అంటుంది. యంత్రం చేసిన పనిని కోర్టు సరిచేయగలదు. అయితే దానికి మీ చేతిలో సాక్ష్యం ఉండాలి.

సాక్ష్యం విషయంలోనూ చట్టం మారింది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. కంప్యూటరు నకలును కోర్టులో చూపాలంటే 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీద యంత్రం బాధ్యత చూసేవారు, రెండవ భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి. ఇందాక చెప్పిన గుర్తు అంకె కూడా అందులో వేయాలి. కార్యదర్శులారా, పాల కేంద్రంలో యంత్రం బాధ్యత చూసేది మీరే కదా! రేపు ఒక తగవు కోర్టుకు వస్తే సంతకం చేయవలసింది కూడా మీరే. కావున యంత్రాన్ని ఏ రోజు సరిచూశారో, ఎవరు చూశారో మామూలు నోటుపుస్తకంలో రాసి ఉంచండి.

ఇప్పుడు కృత్రిమ మేధ. దీనివల్ల మా వృత్తికి నిజంగా మేలు జరిగింది. నలభై పేజీల ఒప్పందం సారాంశాన్ని నిమిషాల్లో చెబుతుంది. ఇంగ్లీషు తీర్పులను తెలుగు మొదలైన భాషలలోకి అనువదించటానికి సుప్రీంకోర్టు 2019లోనే సువాస్ అనే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చింది. ఈ-కోర్టుల మూడవ దశకు కేంద్రం 2023లో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో 53 కోట్లకు పైగా కృత్రిమ మేధ, బ్లాక్‌చెయిన్ వంటి కొత్త పద్ధతులకే కేటాయించారు.

అయితే ఈ యంత్రానికి ఒక చెడ్డ గుణం ఉంది. తెలియదని చెప్పటానికి బదులు, ఉన్నట్లే కల్పించి చెబుతుంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అట్లాంటి కల్పిత తీర్పులను కోర్టులో దాఖలు చేయగా 5,000 డాలర్ల జరిమానా పడింది. అమెరికా దాకా ఎందుకు? మన విజయవాడలోనే ఒక కింది కోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులో నాలుగు తీర్పులను ఉదహరించింది. వెదికితే ఆ నాలుగూ ఎక్కడా లేవు, యంత్రం కల్పించినవి. ఆ వ్యవహారం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. లేని తీర్పుల మీద ఆధారపడటం మామూలు పొరపాటు కాదు, దుష్ప్రవర్తన అవుతుందని 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది.

నా సంగతీ దాచను. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఒకసారి మూడు తీర్పులు రాసి తెచ్చాడు. పేర్లు, సంవత్సరాలు, పేజీలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. దాఖలుకు ముందు పుస్తకంలో చూస్తే ఒకటి లేదు. ఆనాడు నేను బద్ధకించి ఉంటే నా పరువుతోపాటు కక్షిదారు కేసు కూడా పోయేది. లాక్టోమీటరు వేయకుండా క్యానులో పోయకూడదన్న మీ నియమమే ఇప్పుడు మాకూ వచ్చింది.

కావున సంఘం తరఫున ఏ కొత్త ఒప్పందం మీదనైనా సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, పాలు కొలిచేది ఎవరు? శాంపిలులో సగం మన దగ్గర ఉంటుందా?

రెండు, అంకె తప్పని తేలితే సరిచేసే అధికారం ఎవరిది, ఎన్ని రోజుల్లో? తగవు తీరేవరకు సొమ్ము ఆపే ఏర్పాటు ఉన్నదా?

మూడు, షరతులన్నీ తెలుగులో రాసి ఇస్తారా? తెలుగు ప్రతికీ కంప్యూటరు రాతకూ తేడా వస్తే తెలుగు ప్రతే చెల్లుతుందని రాస్తారా?

నాలుగు, తగవు ఎక్కడ వినాలి? జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడ కాదని ఎక్కడో ముంబాయిలో మధ్యవర్తి దగ్గరకు రమ్మంటే, వెయ్యి రూపాయల తగవుకు పదివేల ఖర్చవుతుంది.

సంఘంలోపలి తగవులకు వేరే దారి ఉంది. 1964 సహకార చట్టం కింద రిజిస్టరయిన సంఘమయితే 61వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లాలి. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కిందిదయితే ట్రిబ్యునలుకు వెళ్లాలి. మీ సంఘం ఏ చట్టం కిందిదో ఇంటికి వెళ్లగానే చూసుకోండి. ఒక మహిళా సభ్యురాలికి కోర్టు అవసరం పడితే, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

కొత్త యంత్రాలను వద్దనటం నా ఉద్దేశం కాదు. చేతి లెక్క పోయి మీటలు నొక్కే యంత్రం వచ్చినప్పుడు కూడా భయపడ్డాం, తరువాత అలవాటు పడ్డాం. ధనంబోడు శాసనం ఇన్ని శతాబ్దాలు నిలిచింది. అయినా సిద్ధార్థుడు స్తంభాలను నిజంగా ఇచ్చాడు గనుకనే ఆ రాతకు విలువ. పొద్దున్నే కేంద్రంలో మీరు వేసే అంకె నిజమైతే, ఏ యంత్రమైనా మీకు మేలే చేస్తుంది.