చావు లేని వారి దుఃఖం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం ఈ మధ్య చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అందుచేత ఒక ఇంగ్లీషు రచయిత కల్పించిన అమరుల కథ చెప్పదలచుకున్నాను. బతికే ఉన్నామని ఏటేటా సర్టిఫికెట్టు ఇచ్చుకునే మనకు, ఆ సర్టిఫికెట్టుతో ఎన్నటికీ పనిలేని వాళ్ళ కష్టమేమిటో తెలియడం మంచిదే కదా!

ఆ రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్. 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా పనిచేసి 1973లో పోయారు. ఆయన రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 55 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వచ్చింది. అంతకు పూర్వకాలపు గాథలను 'ది సిల్మరిలియన్' పేరుతో ఆయన కుమారుడు క్రిస్టఫర్ 1977లో ప్రచురించారు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన సినిమాల ద్వారా మన పిల్లలకు ఈ కథ బాగా తెలుసు.

ఇందులో ఎల్ఫులనే జాతి ఉంది. మనుషుల్లాగే ఉంటారు గాని మరింత అందగాళ్ళు. రోగం లేదు, ముసలితనంతో చావడం లేదు. ఆయుధంతో చంపవచ్చు, లేదా దిగులుతో వాళ్ళే క్షీణించిపోవచ్చు. అప్పుడు కూడా వాళ్ళ ఆత్మ ఈ లోకం దాటి పోలేదు. లోకం ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఇందులోనే ఉండాలి. వినడానికి ఇది వరంలాగే ఉంటుంది. ఎల్‌రాండ్ అనే ఆయన సంసారం చూస్తే సంగతి బోధపడుతుంది.

ఎల్‌రాండ్ వంశంలో మనుషుల రక్తమూ, ఎల్ఫుల రక్తమూ కలిసి ఉన్నాయి. అందుచేత ఆయనకూ, కవల సోదరుడు ఎల్‌రాస్‌కూ ఎటు కావాలో కోరుకునే అవకాశం వచ్చింది. ఎల్‌రాండ్ అమరత్వం కోరుకున్నాడు. సోదరుడు మనిషిగా ఉండిపోతానన్నాడు. రాజై, ఐదు వందల ఏళ్ళు వైభవంగా బతికి కాలం చేశాడు. ఎల్‌రాండ్ వేల ఏళ్ళు మిగిలిపోయాడు. తరువాత ఆయన భార్య కెలెబ్రియన్ శత్రువుల చేతచిక్కి గాయపడింది. ఎల్‌రాండ్ గొప్ప వైద్యుడు. గాయం మాన్పగలిగాడు గాని ఆవిడ మనసు మాన్పలేకపోయాడు. ఆవిడ మరుసటి ఏడాదే ఓడ ఎక్కి పడమటి సముద్రం దాటి వెళ్ళిపోయింది.

ఇక కూతురు ఆర్వెన్. ఎల్‌రాస్ సంతతిలో ఎన్నో తరాల తరువాత పుట్టిన ఆరగార్న్‌ను, తండ్రి పోయిన రెండేళ్ళ పసివాణ్ణి, ఎల్‌రాండే పెంచి పెద్ద చేశాడు. అతన్నే ఆర్వెన్ ప్రేమించింది. అతని కోసం చావును ఒప్పుకుంది. తండ్రి సముద్రం దాటి వెళ్ళిపోవాలి, కూతురు ఇక్కడే మరణించాలి. వాళ్ళకు ఈ లోకం ముగిశాక కూడా మళ్ళీ కలుస్తామన్న నమ్మకం లేదు. విమానాశ్రయంలో పిల్లల్ని సాగనంపి, అద్దాల అవతల చేయి ఊపుతూ నిలబడ్డ తల్లిదండ్రులు ఈ సభలో చాలామందే ఉన్నారు. మనకు కనీసం ఫోను ఉంది. ఎల్‌రాండ్‌కు అదీ లేదు.

దుఃఖం అందరికీ వస్తుంది. దాన్ని పట్టుకు కూర్చుంటే ఏమవుతుందో కూడా టోల్కీన్ చూపించారు. ఫేయనార్ అనే ఎల్ఫు మూడు అపురూపమైన మణులు చేశాడు. అవి దొంగలపాలైతే, ఎవరి దగ్గరున్నా సరే తిరిగి లాక్కుంటామని కొడుకులు ఏడుగురితో కలిసి ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞ కోసం సొంత జాతివాళ్ళనే చంపారు. చివరికి మిగిలిన ఇద్దరు కొడుకులకు రెండు మణులు చిక్కాయి. చేసిన పాపానికి అవి వాళ్ళ చేతుల్నే కాల్చాయి. ఒకడు మణితో సహా అగ్నిగుండంలో దూకాడు. రెండోవాడు మాగ్లోర్ మణిని సముద్రంలో విసిరేసి, ఒడ్డు వెంట ఒంటరిగా బాధతో పాడుకుంటూ తిరిగాడు. మన అశ్వత్థామ వంటి బతుకు. అశ్వత్థామకు మూడు వేల ఏళ్ళని గడువైనా చెప్పారు.

దీనికి భిన్నంగా గలాడ్రియల్ అనే ఎల్ఫు రాణి ఉంది. ఆవిడ తన ఉంగరం మహిమతో తన అడవి రాజ్యాన్ని వాడిపోకుండా కాపాడుకుంటూ వచ్చింది. దుష్టుడి ఉంగరాన్ని నాశనం చేస్తే తన ఉంగరం శక్తి కూడా పోతుంది, రాజ్యం వాడిపోతుంది. అది తెలిసీ, ఆ పని మీద వెళ్ళేవాళ్ళకు సాయం చేసింది. ఆ దుష్ట ఉంగరమే తన చేతికి ఇవ్వబోతే వద్దంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక్క కాగితం దాచుకోకుండా ఛార్జి అప్పగించింది.

ఆ కథలో మనుషులకు మరణం శిక్ష కాదు, సృష్టికర్త ఇచ్చిన కానుక. న్యూమెనార్ రాజు ఒకడు దాన్ని కాదని, అమరత్వం కోసం దండెత్తి, దేశాన్నే సముద్రం పాలు చేశాడు. ఈ మాట టోల్కీన్ కుర్చీలో కూర్చుని ఊహించి రాసింది కాదు. నాలుగో ఏట తండ్రి, పన్నెండో ఏట తల్లి పోయారు. 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ప్రాణస్నేహితుల్లో ఒక్కరే మిగిలారు. ఆయన కథల్లో లూథియన్ అనే ఎల్ఫు కన్య బెరెన్ అనే మనిషి కోసం అమరత్వం వదులుకుంటుంది. 1971లో భార్య ఎడిత్ పోతే ఆవిడ సమాధి మీద లూథియన్ అని చెక్కించారు. తరువాత అక్కడే ఆయన పేరు కింద బెరెన్ అని చేర్చారు.

మా అక్కయ్యకు తొంభై రెండేళ్ళు. "దేవుడు నా ఫైలు ఎక్కడో పారేశాడురా" అంటుంది. అందరం నవ్వుతాం. ఆవిడను అక్కయ్యా అనేవాళ్ళున్నారు, మామ్మా అనేవాళ్ళున్నారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. బావగారు, తోటికోడళ్ళు, కూడా చదువుకున్నవాళ్ళు అందరూ వెళ్ళిపోయారు. ఎల్‌రాండ్ గురించి చదువుతున్నప్పుడు నాకు ఆవిడే కళ్ళ ముందు మెదిలింది. ఇప్పుడు వారానికొకసారి వెళ్ళి కూర్చుంటున్నాను. పోయినవాళ్ళ గురించి ఆవిడ చెబుతుంది, నేను వింటాను. విన్న కథే మళ్ళీ చెప్పినా వింటాను. మాగ్లోర్ పాటకు వినేవాడు లేడు. ఆవిడకు ఆ గతి పట్టకూడదని నా ఆశ.

మన సంఘంలో ఎనభై ఐదు దాటి, సభలకు రాలేని సభ్యులున్నారు. నెలకొక ఇంటికి ఇద్దరు చొప్పున వెళ్ళి ఒక గంట కూర్చుని వద్దామని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. పండ్లు, శాలువలు అక్కర్లేదు. వినే ఓపిక ఉంటే చాలు. మొదటి నెలకు నా పేరు రాసుకోండి.