పాత పాటల వేళ

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



రేడియో అనగానే పెద్దల మనస్సులలో మొదట మెదలునది నిరీక్షణ. మీట త్రిప్పిన వెంటనే ఆనాటి పెట్టె పలికెడిది కాదు. లోపలి వాల్వులు వేడెక్కవలెను; చిన్న దీపము వెలుగవలెను; పిదప కొంత గరగర; ఆ తరువాతనే మానవ కంఠము. దానికి ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనుట యొక గృహకృత్యము. ఆ లైసెన్సు విధానము 1980ల దశకములో తొలగిపోయినది.

ఇట్టి పెట్టెల చుట్టు చేరిన కుటుంబములకు సుపరిచితమైన ఉదయపు కార్యక్రమ మొకటి కలదు. అది కొలంబోనుండి రేడియో సిలోన్ హిందీ విభాగము ప్రసారము చేసిన పాత చలనచిత్ర గీతముల అర్ధగంట. ఏడున్నరకు మొదలై ఎనిమిదింటికి ముగియుచుండెను. చివరి పాట ఎవరిదని అడుగ నవసరము లేదు; అది కుందన్ లాల్ సైగల్ పాటయే. సైగల్ 1947 జనవరి 18న కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రములు సినిమాహాళ్లనుండి తొలగిన పిదప కూడ దశాబ్దములపాటు ఆ కంఠము దినమున కొకమారు వినవచ్చెను. ఎందరి ఇండ్లలోనో అదియే గడియారము. సైగల్ పాట మొదలైనదనగా కార్యాలయమునకు పోవువారి కారియరు సిద్ధము కావలసినదే.

ఈ పాటలు సముద్రము దాటి రావలసిన అగత్య మేల కలిగెను? రెండవ ప్రపంచ యుద్ధకాలమున మౌంట్‌బాటన్ నాయకత్వమునందలి ఆగ్నేయాసియా సేనల కొరకు కొలంబో సమీపమున శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ప్రసార యంత్రమును నెలకొల్పిరి. 1949లో అది సిలోన్ ప్రభుత్వమునకు సంక్రమించెను. షార్ట్‌వేవ్ తరంగములు ఆకాశపు పైపొరలనుండి ప్రతిఫలించి దూరదేశముల దిగును గనుక, కొలంబో పలుకు భారతదేశమున నలుమూలల వినవచ్చెను.

1952లో కేస్కర్ సమాచార ప్రసార శాఖా మంత్రి యైన పిదప ఆకాశవాణి చలనచిత్ర గీతముల పాలు తగ్గించెను; నిర్మాతలును తమ పాటలకిచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనిరి. శాస్త్రీయ సంగీతమునకు ఆ కాలమున లభించిన ఆదరణ చిన్నది కాదు. జాతీయ సంగీత కార్యక్రమము ఆ యేటనే ప్రారంభమయ్యెను. అయినను శ్రోతల చేతులు కొలంబో వైపు మీట త్రిప్పినవి. ఆ సంవత్సరముననే అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అక్కడ మొదలయ్యెను. తెలుగు పాటలకును కొలంబోలో చోటు దొరకెను. వానిని తెలుగున పరిచయము చేసిన మీనాక్షి పొన్నుదురై పేరు నేటికిని వృద్ధుల నోట వినవచ్చును. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమగుటతో చలనచిత్ర గీతమునకు స్వదేశమున తిరిగి పీట వేసినట్లయ్యెను.

పాట వినిపించుట రేడియో పనిలో సగము మాత్రమే. పేరు చెప్పుట రెండవ సగము. 1949లో విడుదలయిన మహల్ చిత్రములోని ప్రసిద్ధ గీతపు రికార్డుపై గాయని పేరు లేదు. చిత్రములోని పాత్ర పేరు కామిని అని మాత్రమే ముద్రితమయ్యెను. పాడిన దెవరని శ్రోతలు రేడియోకు ఉత్తరములు వ్రాసిరి. అప్పుడు విచారించి తెలిసికొని ప్రకటించిన పేరు లతా మంగేష్కర్. శ్రోతల జాబులు గాయనికి న్యాయము చేసినవనుట అతిశయోక్తి కాదు.

పాత పాటల కార్యక్రమమును కేవల కాలక్షేపమని తలచువారు ఒక విషయము గమనింపవలెను. సైగల్ ప్రతి ఉదయము పలుకవలెనన్న బీరువాలో రికార్డు భద్రముగ నుండవలెను. దానిని వెదకి తీసి, దుమ్ము తుడిచి, ముల్లు మోపు మనిషియు ఉండవలెను. నిమిషమునకు 78 మారులు తిరుగు ఆ పళ్లెము లక్క కలిపి చేసినది. చేయి జారిన ముక్కలగును. ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల పాట. దస్త్రము దాచుట వేరు, వలసినపుడు చేతికందుట వేరని ఉద్యోగులకు విశేషించి చెప్పనక్కరలేదు. దాచి వినిపింపనిది మూగవోవును. వినిపించి దాచనిది గాలిలో కలియును.

గాలిలో కలిసినది తెలుగువారి సొత్తులోను కొల్లలుగ కలదు. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలను అలరించిరి. బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతమునకును భక్తిరంజనికిని జీవము పోసిరి. కొంగర జగ్గయ్య చిత్రసీమలో పేరు పొందుటకు పూర్వము ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివిరి; స్వగ్రామములకు దూరమైన ఉద్యోగుల కుటుంబములకు ఆ కొద్ది నిమిషములు పుట్టింటి పిలుపు వంటివి. కాని తొలినాటి నాటకములు చాలవరకు స్టూడియోలో నటించుచుండగనే ప్రసారమైనవి, ముగిసినంతనే మాయమైనవి. టేపు వచ్చిన పిదప కూడ, దాని ఖరీదునకు వెరచి, పాత ధ్వనిని తుడిచి క్రొత్తది నింపుట ప్రపంచమున పెక్కు ప్రసార సంస్థల కలవాటైనది. తుడిచినవారు దుర్మార్గులు కారు. ఆనాటి పొదుపు నేటి నష్టమని వారికి తోచలేదు.

ఇంక మిగిలినదైన దక్కవలెను. ప్రవాసాంధ్రుల ఇండ్లలో, ఇనుపపెట్టెల అడుగున, పాత రికార్డులు, టేపులు ఇప్పటికిని ఉండవచ్చును. వానిపై అక్షరములు చెరిగినను, ఆ కంఠ మెవరిదో చెప్పగల తాతగారో అమ్మమ్మగారో కొన్ని ఇండ్లలో ఇంకను ఉన్నారు. రికార్డు పగిలిన మరియొక ప్రతి దొరకునేమో; ఆ జ్ఞాపకమునకు రెండవ ప్రతి లేదు. ఏటేట జరుగు ఉత్సవమున ఒక అర్ధగంట ఇట్టి పాత ధ్వనులకు కేటాయించి, ప్రతి పాటకును గాయకుని, రచయితను, సంగీత కర్తను పేరుపేరున ప్రకటించి, వృద్ధులు చెప్పు వివరములను వారి కంఠములతోనే పదిలపరచుట సాంస్కృతిక సంఘమునకు తగిన పని. ఖర్చు స్వల్పము, ఓపిక అధికము.

కొలంబోలో ఎవరో ఒకరు ప్రతి ఉదయము బీరువా తెరచి ఒక్క రికార్డు తీసినందున సైగల్ చనిపోయిన తరువాత పుట్టినవారికి కూడ ఆ కంఠము పరిచితమైనది. తెలుగు కంఠములకును అంతటి భాగ్యము కలుగుగాక! సెలవు.