పొదలే గదా అనుకోవద్దు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

2024 ఆగస్టు 31న మన మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్లమీద పడిన సంగతి బెజవాడ వాళ్లెవరూ మరిచిపోలేదు. మా గవర్నర్‌పేట వీధిలో ఆ వారమంతా అదే మాట. కొండను తొలిచారని కొందరు, వాన విపరీతమైందని కొందరు. మా అత్తగారు అందరి మాటలూ విని, "కొండవాలైనా, సముద్రపు ఒడ్డైనా మట్టిని పట్టి ఉంచేవి వేళ్లమ్మా. పొదలే గదా అని నరికేస్తాం, తరువాత కూర్చుని ఏడుస్తాం" అన్నారు.

ఆవిడ అలా అనడానికి కారణముంది. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి. పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేర్లు వింటే ఆవిడ ఇప్పటికీ మాట ఆపేస్తారు. చెట్టుకొమ్మ పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికినవాళ్లను ఆవిడ ఎరుగుదురు.

దివిసీమ తీరాన సముద్రానికీ, ఊరికీ నడుమ ఉండేవి మడ అడవులు. అడవి అనగానే టేకు, వేప లాంటి మానులనుకునేరు! చాలాచోట్ల గుబురు పొదలే. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న, గుగ్గిలం అని మా అత్తగారు వేళ్లమీద లెక్కపెడతారు. తిల్ల పాలు కంట్లో పడితే ప్రమాదమని చిన్నప్పుడే చెప్పి పెంచేవారట. మడ చెట్టు ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. బురదలో గాలి ఆడదు కనుక సన్నని వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పొన్న సంగతి మరీ చిత్రం. కాయ చెట్టునుండగానే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, కాస్త బలం వచ్చాకే బురదలో పడుతుంది. పిల్లను నడక వచ్చేదాకా చంకనేసుకునే తల్లిలా అన్నమాట!

ఈ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు తలదాచుకుని పెరుగుతాయి. మన బజారుకొచ్చే చేపల బుట్టకూ, ఆ పొదకూ చుట్టరికం ఉందన్నమాట. ఇక తుపాను సంగతి. 1999లో ఒరిస్సాలో పెనుతుపాను వచ్చాక కేంద్రపడా జిల్లా ఊళ్ల లెక్కలు తీసి చూశారు. ఊరికీ, తీరానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువ. అయితే ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించడం అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా ఆ లెక్కలే చెప్పాయి. కనుక మడ ఉంది గదా అని ఇల్లు కదలకపోవడం తెలివి కాదు. రెండూ కావాలి.

మరి ఉన్న అడవి ఏమైంది? ఒకప్పుడు కూపులు వేసి నరికించారు. కొంత వంటచెరకైంది, కొంత పశువుల పాలైంది. 1990ల్లో రొయ్యల చెరువులు కొంత మింగాయి. 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించబట్టి మిగిలింది నిలిచింది. పోయినదాన్ని మళ్లీ నాటుకుంటే సరి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగేళ్ల కిందట కొందరు ఆడవాళ్లం ఒక సంఘం తరఫున దివిసీమ వెళ్లి, బోసిగా ఉన్న ఒక పర్రలో మూడు వందల మడ మొక్కలు నాటాం. ఫొటోలు దిగాం, తెచ్చుకున్న పులిహోర తిన్నాం, వచ్చేశాం. మరుసటి ఏడు అత్తగారికి చూపించాలని సరదాపడి తీసుకువెళ్లాను. ఒక్క మొక్క లేదు! నేలంతా ముగ్గు చల్లినట్టు ఉప్పు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, "మొక్కదేం తప్పమ్మా? మడకి నీరు రావాలి, వచ్చిన నీరు పోవాలి. ఇక్కడ వచ్చిన నీరు పోదు" అన్నాడు.

తరువాత తెలుసుకుంటే అదే అసలు కిటుకు. చెట్లు నరికిన చోట ఎండ నేరుగా తగిలి నేల ఎండి, కుంగి, పళ్లెంలా అవుతుంది. పోటుకు ఎక్కిన నీరు పాటుకు దిగదు. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మాగాయకు ముక్కలు ఉప్పులో ఊరవేస్తే ఏమవుతుంది? ముక్కలోని నీరంతా బయటికొస్తుంది గదా. ఆ నేలలో మొక్క గతీ అంతే. ఉప్పుకు అలవాటుపడిన మడ కూడా అంత ఉప్పును తట్టుకోలేదు.

1997 నుంచి అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి కృష్ణా, గోదావరి తీరాల్లో ఊరివాళ్లను కూడగట్టుకుని చేసిన పని చూడండి. ముందు మొక్క నాటలేదు, కాలవ తవ్వారు. సముద్రపు పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ చిన్న కాలవలు. పైనుంచి చూస్తే చేపముల్లే. రోజుకు రెండుసార్లు పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోతుంది. అప్పుడు కాలవ అంచుల వెంట మొక్కలు నాటారు. కొత్త మొక్కలు తినిపోకుండా పశువులను కాయడం, పూడిన కాలవలు మళ్లీ తీయడం ఊరివాళ్లు చూసుకోవాలి. కుండీ అడుగు చిల్లు పూడిపోతే తులసి చచ్చిపోతుందని మనకు తెలుసు. ఇంకో తులసి తెచ్చి పెట్టం. ముందు చిల్లు తీస్తాం. ఇదీ అంతే.

బురదలో మడ ఉన్నట్టే ఇసుకదిబ్బకూ సొంత మొక్కలున్నాయి. మొగలి పొదలు, మేకగిట్టలా చీలిన ఆకుల బాలబంది తీగ ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతాయి. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమానికి వెళ్లే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. స్నానం చేయండి, దణ్ణం పెట్టుకోండి. కాని బండి నిలపడానికని, పొయ్యి రాజేయడానికని ఆ తీగలు, పొదలు పెరకవద్దు. మీ సంఘం వాళ్లు తీరాన మొక్కలు నాటుదామంటే సంతోషంగా వెళ్లండి. వెళ్లేముందు మాత్రం ఒక్క మాట అడగండి: అక్కడికి నీరు వచ్చి పోతోందా, వచ్చే ఏడు వాటిని చూసేవాళ్లెవరు?

పోయిన మాఘంలో మేము మళ్లీ వెళ్లాం. మా మూడు వందల మొక్కల పర్ర బోసిగానే ఉంది. కాస్త దూరంలో కాలవ తీసిన చోట మాత్రం మడ మా అత్తగారి భుజం దాకా ఎదిగింది. ఆవిడ ఒక ఆకు తుంచి నాలుకకు రాసుకుని, "ఉప్పగానే ఉంది, బతుకుతుంది" అన్నారు.