కుట్టుపెట్టెలో మొదట ఏమేమి ఉండాలి?



కోతలు, నూర్పిళ్ళు వచ్చాయంటే ఇంట్లో చిరుగులు కూడా వస్తాయి. చొక్కా మోచేతి దగ్గర పిగులుతుంది. లంగా అంచు ఊడుతుంది. గోనెసంచి మూల విచ్చి, ఇంటికి చేరవలసిన గింజ దారి పొడుగునా రాలిపోతుంది. అంతేకాదు, వేలాడే చిరుగు నూర్పిడి యంత్రం దగ్గర ప్రాణానికే ముప్పు. తిరిగే పట్టాలో గుడ్డ చిక్కుకుంటే మనిషిని కూడా లాగేస్తుంది. కనుక చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే కుట్టడం ఆడా మగా అందరికీ తెలిసి ఉండవలసిన పని.

కుట్టు నేర్చుకుందామనగానే కొందరు మిషను మాట ఎత్తుతారు. అది తరువాతి సంగతి. మరికొందరు తిరునాళ్ళలో రంగురంగుల డబ్బా ఒకటి కొంటారు. అందులో వస్తువులు చాలా ఉంటాయి గాని, సూది వంగుతుంది, దారం తెగుతుంది, కత్తెర గుడ్డను నములుతుంది. నాలుగు రోజులకు “నాకు కుట్టు రాదులే” అని పెట్టె అటక ఎక్కిస్తారు. లోపం చేతిలో లేదు, సరంజామాలో ఉంది. అందుచేత తక్కువ వస్తువులు కొనండి, మంచివి కొనండి.

మొదట సూది. చేతి సూదులకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగినకొద్దీ సూది సన్నమవుతుంది. మామూలు నూలు బట్టకు 7, 8 నంబర్లు సరిపోతాయి. దుప్పటివంటి మందపు గుడ్డకు 5 నంబరు తీసుకోండి. మిషను సూదుల లెక్క దీనికి తలకిందులు: అక్కడ 11 సన్నం, 14 మధ్యరకం, 16 లావు. ఈ తేడా తెలియక దుకాణంలో పొరబడేవారు ఉన్నారు. సూదిని బల్లమీద దొర్లించి చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. బెజ్జంలో దారం ఎక్కించి అటూ ఇటూ లాగండి. దారం నూగు లేచిందంటే బెజ్జం గరుకుగా ఉన్నట్టే. ఆ సూది వద్దు.

ఇక దారం. తెలుపు, నలుపు, ఇంట్లో ఎక్కువగా కట్టే రంగు ఒకటి, మూడు ఉండలు చాలు. సరైన రంగు దొరక్కపోతే బట్టకంటే ఒక్క వాసి ముదురు రంగు ఎంచుకోండి. కుట్టిన తరువాత దారం కొంచెం లేతగా కనిపిస్తుంది. నూలు బట్టకు నూలు దారం మంచిది. నూలో కాదో తెలియాలంటే చిన్న ముక్క కాల్చండి: నూలు బూడిదవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. రంగు దారాన్ని తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. రంగు అంటితే కొనవద్దు. సూదిలోకి మూరెడు దారమే ఎక్కించండి. బారెడు ఎక్కిస్తే చిక్కు పడుతుంది.

కత్తెర దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 8 అంగుళాల కత్తెర ఒకటి గుడ్డకోసమే ఉంచండి. మడతపెట్టిన గుడ్డ మొనదాకా శుభ్రంగా తెగితేనే అది మంచి కత్తెర. మీరట్ కత్తెరలు పేరు పొందినవి. 2013లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సాన పట్టించుకుంటూ ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. కాగితానికి, ఎరువు బస్తా మూతి కోయడానికి ఆ కత్తెర ఎవరడిగినా ఇవ్వకండి సుమా!

వీటికి తోడు 60 అంగుళాల టేపు, గుర్తుపెట్టే సుద్ద, పది గుండుసూదులు, కొన్ని గుండీలు, హుక్కులు, నడిమివేలికి తొడిగే చిన్న లోహపు తొడుగు ఉంటే చాలు. పాత బట్టల్లో బాగున్న ముక్కలు మాసికలకు దాచండి. కొత్త గుడ్డతో మాసిక వేయవలసివస్తే ముందు తడిపి ఆరవేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని, పక్కన మరో చిరుగు పెడుతుంది.

రైతు సోదరులు ఒక దబ్బనం, పురికొస ఉండ ధాన్యపు కొట్టు దగ్గర ఉంచుకోవాలి. బస్తాలు నింపకముందే మూలలు చూసి కుట్టుకుంటే గింజ నేలపాలు కాదు.

పసిపిల్లలున్న ఇంట్లో సూదులు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి పెట్టండి. విరిగిన ముక్కను మూత ఉన్న సీసాలో వేయండి. వానాకాలంలో చెమ్మ తగలకుండా సూదులను బిగువు మూత డబ్బాలో దాచితే తుప్పు పట్టవు.

కుట్టు నేర్పే కార్యకర్తలకు ఒక మనవి. మొదటిరోజే కొత్త గుడ్డ కోయించకండి. ఎవరింటి చిరుగు వారినే తెచ్చుకోమనండి. ఆ చిరుగు సాయంత్రానికి కుట్టయి ఇంటికి వెళ్ళిందంటే, రెండోరోజు మీరు పిలవకుండానే వస్తారు.

ఈ వారం సంతకు వెళ్ళినప్పుడు సూదులు, దారం, కత్తెర, ఈ మూడూ చూసి కొనండి. మిగిలినవి ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు.