ఆకాశపు పహాణీ



భూమికి పహాణీ యెట్టిదో కల్వకుర్తి ప్రాంతపు పెద్దలకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, పైరు, ఇవన్నియు వేర్వేరు గడులలో నుండును. ఆకాశమునకును ఇట్టి లెక్క కలదు. దానిని నక్షత్ర పట్టిక యందురు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క నక్షత్రము. దాని స్థానము, ప్రకాశము, దూరము, ఏటేట కదలెడి తీరు గడులలో వ్రాయబడియుండును.

ఈ లెక్కలో మన హైదరాబాదునకును పాలు కలదు. 1887లో పారిస్ నగరమున శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశమునంతయు ఛాయాచిత్రములు తీసి కొలువ నిశ్చయించి, ఆ పనిని పలు వేధశాలలకు పంచిరి. నవాబు జఫర్ జంగు నెలకొల్పగా 1908లో నిజాం ప్రభుత్వము స్వీకరించిన నిజామియా వేధశాలకు దక్షిణమున 17 నుండి 23 అంశల వరకు గల భాగము వచ్చెను. బేగంపేటలో గాజు పలకలపై చుక్కలను కొలిచి సంపుటములుగ ప్రకటించిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రముల చలనమును నిర్ణయించుటకు ఆ కొలతలును, అన్య వేధశాలల కొలతలును ఆధారమయ్యెను. పాత పహాణీ లేనిదే గట్టు జరిగినదో లేదో తెలియదు గదా!

ఐరోపావారు 2013లో పంపిన గయా నౌక కొలతలతో 2022లో వెలువడిన పట్టికలో సుమారు 180 కోట్ల వరుసలున్నవి. వీనిని కన్నుతో చదువుట అసాధ్యము. అందుకై కంప్యూటరు పనిముట్లు పుట్టినవి. ఇంగ్లాండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున తయారైన టాప్‌క్యాట్ అట్టిది, ఉచితముగ లభించును. వలసిన వరుసలను ఏరుట, గడులను చిత్రముగ గీయుట, రెండు పట్టికలను జతపరచుట, ఈ మూడును నేర్చినచో సగము విద్య వచ్చినట్లే.

ఒక ఉదాహరణము మనవి చేసెదను. వివాహమున వధూవరులకు అరుంధతీ వసిష్ఠులను చూపుదుము. 1997లో వెలువడిన హిప్పార్కస్ పట్టికలో 1,18,218 నక్షత్రములున్నవి. అందుండి సప్తర్షులను, అరుంధతిని ఏరి, వాని చలనమును నేను చిత్రముగ గీచితిని. వసిష్ఠ, అంగిరస, అత్రి, పులస్త్య, పులహులు అరుంధతితో గూడ ఆకాశమున తూర్పునకు సాగుచున్నారు. క్రతు, మరీచులు పడమరకు పోవుచున్నారు. దూరపు గడి చూడగా ఆ ఆరును సుమారు 80 కాంతి సంవత్సరముల దూరమున నున్నవి. తక్కిన రెండును 100కు మించిన దూరమున నున్నవి. కనుక ఏడుగురును మన కంటికే ఒక గుంపు. నిజమైన సహచరులు ఐదుగురును అరుంధతియు మాత్రమే.

అయితే యొక హెచ్చరిక. ప్రతి కొలత ప్రక్కన అది యెంత తప్పవచ్చునో తెలుపు గడి యొకటి యుండును. దానిని చూడనివాడు, సాక్షి తడబాటును గమనింపక తీర్పు చెప్పిన పంచాయతీదారువంటివాడు. పనిముట్టు చిత్రమును గీయును గాని వివేకము నీయదు.

ఈ విద్యకు గొప్ప దూరదర్శిని వలదు. ఈ పట్టికలు పారిస్ పండితునకెట్లో మన గ్రామ బాలికకును అట్లే అందును. కావున మీ యింటి పిల్లలు కంప్యూటరు ముందు నక్షత్రములను ఏరుచు కూర్చున్నచో, ఇది కూటికి వచ్చునా యని వెంటనే లేపకుడు. ప్రక్కన కూర్చుండి, "నీవు చెప్పిన దానికి లెక్క యేది, ఆ లెక్కలో తప్పెంత?" యని యడుగుడు. పహాణీ చదువుట యెరిగిన మీకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు.